పింగ్‌యావ్ పాత నగరం ఉమ్మడి టికెట్: కొనాలా, వద్దా?

చైనాలో షాన్షీ రాష్ట్రంలోని ఈ కోట పట్టణపు వీధుల్లో తిరగడానికి టికెట్ అక్కర్లేదు. 125 యువాన్ల టికెట్ కోటగోడ ఎక్కడానికి, లోపలి పాత ప్రభుత్వ కచేరీ, గుళ్లు, హుండీ కొట్లు (ఒక ఊళ్లో కట్టిన డబ్బు మరో ఊళ్లో తీసుకునేలా చీటీలు రాసిచ్చిన పాతకాలపు బ్యాంకులు) చూడడానికి. మూడు రోజులు చెల్లుతుంది, కాబట్టి ఒక్కపూటకే వచ్చేవాళ్లకు గిట్టదు.

డబ్బుకు తగ్గ ఫలం గోడమీదే ఉంది. 1370లో మింగ్ రాజులు పెంచి కట్టిన ఈ గోడ చుట్టుకొలత సుమారు 6 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు. లోపల దిమ్మిస కొట్టిన మట్టి, బయట ఇటుక. ఆ మట్టిలోకి నీరు దిగితే ఇటుక తొడుగు నిలవదు. 2021 అక్టోబరు వానలకు ఒకచోట అలాగే కూలింది. గట్టి వానల తర్వాత గోడ తెరిచారో లేదో ముందే కనుక్కోండి.

రిషెంగ్‌చాంగ్‌ను తప్పకుండా చూడాలి. రంగుల వ్యాపారంలోంచి 1823లో పుట్టిన ఈ హుండీ సంస్థ, దొంగ హుండీలు చెల్లకుండా మొత్తాలనూ తేదీలనూ రహస్య అక్షరాల్లో రాసేది.

ఊరి బయటి షువాంగ్‌లిన్, జెంగ్వో గుళ్లకు వేరే టికెట్. 963 నాటి చెక్క మందిరం కోసమైనా జెంగ్వోకు వెళ్లాలి.

రైలు టికెట్‌లో పొరపాటు పడకండి: పాత స్టేషన్ గోడకు దగ్గర, హైస్పీడ్ రైళ్లు ఆగే పింగ్‌యావ్ గుచెంగ్ స్టేషన్ దూరం.