డిగ్రీ అప్రెంటిస్‌షిప్పా, ఫుల్‌టైమ్ యూనివర్సిటీయా?

ఇంగ్లండ్‌లో స్థిరపడిన తెలుగు ఇళ్లలో పిల్లలు ఏ-లెవెల్స్‌కి (మన ఇంటర్ లాంటిది) వచ్చి, ఇంజనీరింగ్ అన్నారంటే ఈ టెన్షన్ మొదలవుతుంది. డిగ్రీ అప్రెంటిస్‌షిప్ అంటే కంపెనీలో ఉద్యోగం చేస్తూనే డిగ్రీ చదవడం. (స్టూడెంట్ వీసాపై ఇండియా నుంచి వచ్చేవాళ్లకు అప్రెంటిస్‌షిప్ దారి లేదు.)

ఖర్చు
యూనివర్సిటీ: 2025-26లో ఫీజే ఏడాదికి 9,535 పౌండ్ల దాకా. అద్దె, తిండి వేరే. చాలామందికి లోన్ తప్పదు.
అప్రెంటిస్‌షిప్: ఫీజు కంపెనీ, ప్రభుత్వం చూసుకుంటాయి. పైగా నెలనెలా జీతం.

కాలం
యూనివర్సిటీలో మామూలుగా మూడేళ్లు, అప్రెంటిస్‌షిప్‌లో నాలుగైదు.

శ్రమ
అసలు తేడా ఇక్కడే. అప్రెంటిస్‌షిప్ చేస్తున్న మా పక్కింటి అబ్బాయికి వారంలో నాలుగు రోజులు ఫ్యాక్టరీ, ఒక రోజు క్లాసు. సాయంత్రం సేఫ్టీ బూట్లు గుమ్మం దగ్గర విప్పి, ఇంత అన్నం తిని, ఎనిమిదింటికి థర్మోడైనమిక్స్ ముందేసుకుంటాడు. ఆదివారం పోర్ట్‌ఫోలియో: ఏ పని చేశాడో, ఏం నేర్చుకున్నాడో రుజువులతో రాయాలి. ఫ్రెండ్స్‌కి వేసవంతా సెలవులు. ఇతనికి ఉద్యోగి సెలవులే. పద్దెనిమిదేళ్లకు ఇది చిన్న బరువేం కాదు.

రిస్క్
యూనివర్సిటీలో చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవాలి. అప్రెంటిస్‌షిప్‌లో ముందే ఉద్యోగం సంపాదించాలి, పోటీ గట్టిగా ఉంటుంది. మధ్యలో ఆ ఉద్యోగం పోతే చదువూ ఇరకాటంలో పడుతుంది.

ఏ బ్రాంచో ఇంకా తేలని పిల్లలకు, రీసెర్చ్ మీద మనసున్నవాళ్లకు యూనివర్సిటీయే నయం. మెషీన్ విప్పి చూడందే నిద్రపట్టని పిల్లలైతే, అప్పు వద్దనుకునే ఇల్లైతే, నా ఓటు అప్రెంటిస్‌షిప్‌కే. రెండింటికీ ఒకేసారి అప్లై చేయొచ్చు కూడా.