మిట్ట ఎక్కేటప్పుడు లాగని బండి: ఓబీడీ అడాప్టర్, ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ మూడేళ్ల వాడకం తర్వాత

చదును రోడ్డు మీద ఏ పేచీ లేని ట్రక్కు, లో రేంజ్ (నెమ్మదిగా, బలంగా లాగే గేర్ల వరస) సెకండ్ గేర్లో నిటారు మిట్ట ఎక్కేటప్పుడు మాత్రం సగంలో ఆయాసపడి ఆగిపోతుంది. షెడ్డుకు తీసుకెళ్తే లోపమేమీ దొరకదు. అక్కడ ఇంజిన్ మీద లోడ్ పడదు కదా. కాబట్టి ఈ జబ్బును మిట్ట మీదే కొలవాలి. అందుకు వాడుతున్నవి రెండు: బండి కంప్యూటర్ సాకెట్‌కి (ఓబీడీ) తగిలిస్తే రీడింగులు ఫోన్‌కి పంపే ఈఎల్‌ఎం327 తరహా బ్లూటూత్ అడాప్టర్, 0–7 బార్ల మెకానికల్ ఫ్యూయల్ ప్రెషర్ గేజ్. ఒక్కటే కొనేట్టయితే పెట్రోల్ బండికి గేజ్, కామన్ రైల్ డీజిల్‌కి అడాప్టర్ కొనండి. డీజిల్ రైల్లో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ పంచే పైపులో, ఉండేది వెయ్యి బార్లు దాటే ప్రెషర్. అక్కడ ఈ గేజ్‌కి పని లేదు, ఆ పైపుల నట్లు వదులు చేయడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే.

ముందు అడాప్టర్ సంగతి. పెట్టె మీద రాసినంత వేగం దీనికి లేదు. క్యాన్ అనే కొత్త తరహా డేటా లైన్ ఉన్న బండ్లలో ఫరవాలేదు. పాత ఐఎస్‌ఓ 9141 తరహా బండ్లలో ఆ లైన్ వేగమే సెకనుకు 10.4 కిలోబిట్లు. స్క్రీన్ మీద ఎనిమిది మీటర్లు పెట్టుకుంటే ఒక్కోటి మారడానికి రెండేసి సెకన్లు పడుతుంది. బండి పట్టు వదిలే ఆ ఒక్క సెకను ఆ సందులో జారిపోతుంది. నాలుగే రీడింగులు పెట్టి లాగ్ చేయండి: ఆర్‌పీఎం, థ్రాటిల్, మ్యాప్ (ఇంజిన్‌లోకి పోయే గాలి ఒత్తిడి), నాలుగోది పెట్రోల్ బండికి ముందువైపు ఆక్సిజన్ సెన్సర్ (కన్వర్టర్ కంటే ముందుండేది), డీజిల్‌కి రైల్ ప్రెషర్. ఎక్కుతున్నప్పుడు ఫోన్ చూడకండి, దిగాక చూడొచ్చు. 2.1 వెర్షన్ అని చూపించే నకళ్లలో చాలావాటికి కొన్ని కమాండ్లు రావు. యాప్ కనెక్ట్ అయినట్టే ఉంటుంది, రీడింగ్ మాత్రం గీతలా నిలబడిపోతుంది. రాళ్ల మీద కుదుపులకు అడాప్టర్ సాకెట్లోంచి ఊడుతుంది, పొట్టి ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి డ్యాష్ కింద కట్టేస్తే ఆ గొడవ ఉండదు. సాకెట్ 16వ పిన్నుకి తాళం తీసినా కరెంటు వస్తూనే ఉంటుంది. వారాల తరబడి నిలిపే బండిలో అడాప్టర్ వదిలేస్తే బ్యాటరీ డౌనే.

టర్బో బండ్లకు ఇందులో పెద్ద వల ఒకటుంది. కొన్ని యాప్‌లు బూస్ట్ (టర్బో అదనంగా నెట్టే గాలి ఒత్తిడి) లెక్కకి మ్యాప్ రీడింగ్ నుంచి గాలి ఒత్తిడిని 101 కిలోపాస్కల్ అని స్థిరంగా పెట్టుకుని తీసేస్తాయి. రెండు వేల మీటర్ల ఎత్తులో అసలు గాలి ఒత్తిడి 80 దరిదాపుల్లోనే ఉంటుంది. అంటే నిజంగా 100 ఉన్న బూస్ట్ అక్కడ 79గా కనిపిస్తుంది. బాగున్న టర్బోని విప్పించేది ఇలాంటి అంకెలే. బూస్ట్ మీటర్ వదిలేసి మ్యాప్ రీడింగునే నేరుగా చూడండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేస్తే మ్యాప్ చూపేది బయటి గాలి ఒత్తిడే. ఆ ఎత్తుకి అది సరిపోకపోతే సెన్సరునే అనుమానించాలి. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి మీటర్లకు దాదాపు పది శాతం శక్తి కోల్పోతుంది. దానికి రిపేరు లేదు.

పెట్రోల్ బండిలో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) చూసి తీర్పు చెప్పేవాళ్లు ఎక్కువ. మామూలు వేగంలో ట్రిమ్ పది శాతం దాటి ప్లస్‌లో ఉంటే మిశ్రమంలో పెట్రోల్ తక్కువవుతోందని అర్థమే. కానీ థ్రాటిల్ పూర్తిగా తొక్కగానే కంప్యూటర్ ఓపెన్ లూప్‌లోకి పోతుంది, అంటే ఆక్సిజన్ సెన్సర్‌ని చూసి సరిదిద్దడం ఆపేస్తుంది. షార్ట్ ట్రిమ్ సున్నా దగ్గర నిలబడిపోతుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. అప్పుడు చూడాల్సింది ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ. పాత తరహా నారోబ్యాండ్ సెన్సర్ ఫుల్ లోడ్‌లో 0.8–0.9 వోల్టుల దగ్గర నిలకడగా ఉండాలి. ట్యాంకులోని పంపు చేతులెత్తేసే బండి లాగ్‌లో థ్రాటిల్ గీత కదలదు. వోల్టేజీ మాత్రం, పెట్రోల్ తగ్గేకొద్దీ, 0.85 నుంచి 0.6, అక్కడి నుంచి 0.2కి రెండు సెకన్లలో జారుతుంది. ఆ తర్వాతే బండి జర్క్ ఇస్తుంది. వరుస ఇదే అయితే ఇగ్నిషన్ జోలికి పోనక్కర్లేదు.

అక్కడి నుంచి గేజ్ పని. పంపు ఫ్యూజ్ పీకి, ఇంజిన్ ఆగేదాకా తిప్పి, లైన్లో ప్రెషర్ తీసేశాకే తగిలించాలి. మంటలార్పే సిలిండర్ పక్కనే ఉండాలి. గొట్టాన్ని బానెట్ సందులోంచి తెచ్చి గేజ్‌ని విండ్‌షీల్డ్ బయటి వైపు టేపు వేయండి. పెట్రోల్ గొట్టం క్యాబిన్‌లోకి తేవద్దు, ఎంత చిన్న మిట్టయినా సరే. చాలా పోర్ట్ ఇంజెక్షన్ బండ్లలో 3 నుంచి 4 బార్లు ఉంటుంది. వ్యాక్యూమ్ రెగ్యులేటర్ ఉన్నవాటిలో ఐడిల్‌లో అరబారు తక్కువుండి, తొక్కితే పెరుగుతుంది. రిటర్న్ లైన్ (మిగిలిన పెట్రోల్‌ని ట్యాంకుకి తిప్పి పంపే పైపు) లేనివాటిలో కదలకుండా ఉండాలి. మిట్ట మీద అరబారు పడిందంటే పంపు కావలసినంత పెట్రోల్ అందించడం లేదు, లేదా ఫిల్టర్ మూసుకుంది.

పంపు మార్చే ముందు మల్టీమీటర్ తీయండి. పంపు తిరుగుతుండగా బ్యాటరీ ప్లస్‌కీ పంపు ప్లస్‌కీ మధ్య అర వోల్టు మించి తేడా ఉండకూడదు, ఎర్త్ వైపూ అంతే. కాలిన రిలే కనెక్టర్ పుణ్యాన మార్చిన కొత్త పంపులకు లెక్క లేదు. వైరింగ్ బాగుంటే ట్యాంకు చూడాలి. ముక్కు పైకెత్తిన బండిలో పెట్రోల్ వెనక్కి పోతుంది. పావు ట్యాంకుతో ఆగిన అదే మిట్టని ఫుల్ ట్యాంకుతో ఎక్కి చూడండి. ఎక్కితే లోపం పికప్ (పంపు పెట్రోల్ పీల్చే చోటు) చుట్టూ ఉండే చిన్న గిన్నెలో, లేదా దాన్ని నింపే జెట్‌లో ఉంది. ఆగిన చోటే మూత తీస్తే గాలి లోపలికి బుస్సున పీల్చిందా, వెంట్ పైపు బురదతో పూడింది.

డీజిల్‌కి మొదటి పరికరం వెనక అద్దం. నల్ల పొగతో లాగకపోతే గాలి చాలట్లేదు. పొగ లేకుండా లాగకపోతే డీజిల్ చాలట్లేదు. గాలి వైపైతే ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) పైపులకు ఒక బార్ లోపు గాలి పట్టించి సబ్బునీళ్లు కొట్టండి. చేత్తో నొక్కితే గట్టిగా ఉన్న పైపే బూస్ట్ వచ్చినప్పుడు క్లాంప్ అంచున నోరు తెరుస్తుంది. డీజిల్ వైపైతే అడిగిన రైల్ ప్రెషర్, వచ్చిన రైల్ ప్రెషర్ పక్కపక్కన చూడాలి. 1400 బార్లు అడిగితే 1350 వస్తే సరే. 900కి జారుతూ పోతే పి0087 కోడ్ (రైల్ ప్రెషర్ తక్కువ) పడి లింప్ మోడ్, అంటే కంప్యూటర్ శక్తి తగ్గించేసే స్థితి, వస్తుంది. తాళం తీసి పెడితే మళ్లీ లాగుతుంది, దాన్ని బాగైనట్టు లెక్కేయకండి. ఫిల్టరూ, ఫిల్టర్‌కి ముందు పైపులో గాలి పట్టడమూ చూడండి. అక్కడ కాసేపు పారదర్శక గొట్టం వేస్తే బుడగలు కంటికే కనిపిస్తాయి. ఈ అడాప్టర్ మీద అసలు ఫిర్యాదు ఇక్కడే: పాత బండ్లలో ‘అడిగిన ప్రెషర్’ మామూలు రీడింగుల్లో రాదు. కంపెనీ సొంత రీడింగులు చదివే యాప్ విడిగా కావాలి.

క్లచ్ జారడాన్ని అడాప్టర్ తనంతట తాను చెప్పదు, లాగ్ చూసి మనమే లెక్కేసుకోవాలి. అదే గేర్లో 2000 ఆర్‌పీఎంకి వచ్చే వేగానికి మిట్ట మీద 2600 పడుతుంటే ఇంజిన్ నిర్దోషి. టైర్లు 31 నుంచి 35 అంగుళాలకు మార్చినవాళ్లు గేరింగ్ 13 శాతం పొడవైందని, అంటే లాగుడు తగ్గిందని గుర్తుంచుకోవాలి.

మూసుకుపోయిన క్యాటలిటిక్ కన్వర్టర్‌ని (సైలెన్సర్ లైన్లో పొగను శుద్ధి చేసే డబ్బా) పట్టడానికి 7 బార్ల గేజ్ పనికిరాదు, ముల్లు కదిలినట్టే తెలియదు. 0–1 బార్ చిన్న గేజ్‌ని ముందువైపు ఆక్సిజన్ సెన్సర్ రంధ్రంలో బిగించి, 2500 ఆర్‌పీఎంలో 0.2 బార్ దాటితే సైలెన్సర్ లైన్ అడ్డుపడినట్టే.

గేజ్ మన్నిక మీద ఒక మాట. ముల్లు ఇప్పటికీ సున్నాకే వస్తోంది. క్విక్ కనెక్టర్‌లోని ఓ-రింగ్ మాత్రం రెండో ఏడాదికే ఉబ్బి చెమ్మ పట్టడం మొదలైంది. పెట్టెతో వచ్చినది తీసేసి మొదటి రోజే వైటాన్ (పెట్రోల్‌ని తట్టుకునే రబ్బరు) రింగ్ వేసేయండి, ప్రతిసారీ తగిలించాక ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు జాయింటు చుట్టూ పొడిగుడ్డతో తుడిచి చూడండి.