చెక్క మీద చెక్కిన కథలు: పోయి చూడండి, కింద మూల మాత్రం వదలొద్దు

మన కడప ఆర్ట్ మ్యూజియంలో ఉడ్ ఎన్‌గ్రేవింగ్స్ పెట్టినారు. అంటే చెక్క దిమ్మె మీద బొమ్మ చెక్కి, ఇంకు పూసి, కాగితం మీద అచ్చు తీసినవి. అన్నీ కథల పుస్తకాల కోసం చేసినవే. ఇవి జెరాక్సులు కాదు, ఫోటోలు కాదు, పాత పుస్తకాల్లోంచి విడిపోయిన పేజీలనే ఫ్రేములు కట్టి పెట్టినారు కాబట్టి ఆ కాలంలో మిషన్ మీద పడిన ఇంకే మనం చూసేది. ఉండేది రెండు గదులే, గబగబా తిరిగితే పావుగంటలో అయిపోతుంది, కానీ అట్ల తిరిగితే ఏమీ చూడనట్టే.

మొదటి గదిలో థామస్ బెవిక్ పేజీలు. ఈయన ఇంగ్లండ్‌లో న్యూకాసిల్ వైపు మనిషి, 1753లో పుట్టి 1828లో పోయినాడు. ఈయన చేసిన పక్షుల పుస్తకం 1797లో ఒక భాగం, 1804లో ఇంకో భాగం వచ్చింది, ఈసపు కథలు 1818లో. (మన బ్రౌన్ దొర 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చేటప్పటికి బెవిక్ ఇంకా బతికే ఉన్నాడు, అది తల్చుకుంటే నాకు భలే అనిపించింది.) బొమ్మలు అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దవి, అంతే. అంత చోటులోనే నక్క ఉంటుంది, దాని తోక మీద వెంట్రుకలు ఉంటాయి, వెనకాల కంచె, ఆ వెనక చెట్లు, ఇంకా దూరంగా ఇళ్ళు. ఎట్ల చేసినాడంటే, దిమ్మె చెక్కకుండా అచ్చు తీస్తే మొత్తం నల్లగా పడుతుంది కదా, ఉలి పోయిన చోటల్లా తెల్లగా వస్తుంది, అంటే ఈయన నలుపులోంచి వెలుతురును బయటికి తీసినాడు. దూరం చెట్లు పలచగా కనపడాలని దిమ్మె మీద ఆ చోటు కొంచెం గీకి కిందికి దించేవాడు, అక్కడ ఒత్తిడి తగ్గి ఇంకు లేతగా పడేది. ఆ తేడా ఫోన్‌లో ఫోటో చూస్తే తెలీదు, ఎదురుగా నిలబడాల్సిందే.

నాతో మా మామ వచ్చినాడు, ఒకప్పుడు ప్రెస్సులో కంపోజిటర్‌గా చేసినాడు, సీసం అక్షరాలు ఏరి పేర్చిన చేతులు. నేను బొమ్మల్లో కథ వెతుకుతుంటే ఆయన చూపంతా బొమ్మ కిందున్న అచ్చు అక్షరాల మీదే ఉంది. "చూడబ్బీ, బొమ్మా మ్యాటరూ ఒకే దెబ్బకు పడినాయి" అన్నాడు. అదేంది మామా అంటే అప్పుడు చెప్పినాడు, దిమ్మె ఎత్తు టైపు ఎత్తుకు సరిగ్గా సమానంగా చేస్తారు, దాన్ని అక్షరాల మధ్యలో పెట్టి బిగించి ఒకటేసారి మిషన్ కింద పెడతారు, రాగి రేకు మీద చెక్కిన బొమ్మకైతే గీతల లోపల ఇంకు నింపాల, దానికి వేరే ప్రెస్సు, వేరే కాగితం, తర్వాత పుస్తకంలో అతికించుకోవాల అని. కథ నడుస్తా ఉండగా ఆ పేరా పక్కనే బొమ్మ రావడం ఇట్ల కుదిరిందన్నమాట. తాను చేసేటప్పుడు జింకు బ్లాకులు ఉండేవంట, చెక్క చేసిన పనే అవి చేసినాయంట. ఎగ్జిబిషన్‌లో ఈ సంగతి ఒక్క బోర్డు మీద కూడా లేదు, మా మామ లేకుంటే నాకు తెలిసేదే కాదు.

గది మధ్యలో ఒక బల్ల మీద ఖాళీ దిమ్మె, ఉలులు, ఇసుక నింపిన తోలు దిండు పెట్టినారు. ఇది చానా మంచి పని. మొద్దును నిలువునా పలకలుగా కోస్తే చెక్క చార అడ్డమొచ్చి సన్న గీత పోదు, అందుకని అడ్డంగా బిళ్ళలాగా కోసి ఆ ముఖం మీద చెక్కుతారు. వాడేది బాక్స్‌వుడ్, చానా గట్టిది, కానీ ఆ చెట్టు కాండం సన్నం, పెద్ద దిమ్మె రాదు. పెద్ద బొమ్మ కావాలంటే ముక్కలు కలిపి బిగించాల. ఇది తెలుసుకుని రెండో గదికి పోండి, పెద్ద బొమ్మల్లో కొన్నిట్లో సన్నగా తెల్ల గీత నిలువుగా పోతా కనపడుతుంది, అది ఆ అతుకే.

రెండో గది ఫ్రాన్సు బొమ్మలాయన గుస్తావ్ డోరేది. ఇటలీ కవి డాంటే రాసిన నరకం కావ్యానికి వేసిన బొమ్మలు 1861, డాన్ క్విక్సోట్ అనే స్పెయిన్ నవలకు వేసినవి 1863. నరకం పుస్తకానికి పబ్లిషర్ వెనకాడితే డోరే సొంత డబ్బు పెట్టి వేయించినాడు. అడవిలో దారి తప్పిన డాంటే బొమ్మ ముందర నేను చానా సేపు ఉండిపోయినా, చెట్ల వేర్లు, ఆ చీకటి, మధ్యలో ఒక్క మనిషి. క్విక్సోట్ తన గదిలో కుర్చీలో కూర్చుని కత్తి ఎత్తి పుస్తకం చదువుతుంటే చుట్టూ గాలంతా రాక్షసులు, రాజకుమార్తెలు, గుర్రాలు నిండిపోయే బొమ్మ కూడా ఉంది, చదివే పిచ్చి ఉన్నోళ్ళెవరైనా దాన్ని చూసి కదలలేరు.

ఇప్పుడు నా అసలు మాట. డోరే దిమ్మె మీద పెన్సిలుతో, కుంచెతో నీడలు వేసి ఇచ్చేవాడు. ఆ నీడను గీతగా మార్చింది వేరే మనిషి. ఏ గీత ఎంత లావు, ఎంత దగ్గర, మబ్బుకు ఏ వంపు, ఇనప కవచానికి ఏ వంపు, ఇవన్నీ చెక్కేవాడు తేల్చుకోవాల్సినవే. క్విక్సోట్ బొమ్మలు చెక్కింది పిసాన్. బొమ్మ కింద కుడి మూల చూడండి, ఆయన పేరు చెక్కి ఉంటుంది. గోడ మీద లేబుల్‌లో మాత్రం డోరే ఒక్కడే! ఆలిస్ ఇన్ వండర్‌లాండ్ అనే పిల్లల పుస్తకం బొమ్మలకూ ఇదే కథ, 1865 పుస్తకంలో 42 బొమ్మలు, లేబుల్‌లో బొమ్మ గీసిన టెనియల్ పేరు, చెక్కింది డాల్జీల్ సోదరులు. ఆ సోదరులు అనే మాట వెనక కూడా పెద్ద వర్క్‌షాపు ఉంది, వాళ్ళ తోబుట్టువు మార్గరెట్ డాల్జీల్ అని ఆ ఇంటి ఆడమనిషి కూడా చెక్కేది. కంటికి అద్దం పెట్టుకుని రోజుల తరబడి వంగి కూర్చున్నోళ్ళ పేరు గోడ మీద రాయకపోవడం నాకు బాధగా ఉంది, ఎందుకంటే మనం ఆ గదిలో చూస్తున్న ప్రతి గీతా వాళ్ళ చేతిదే.

ఆలిస్ గురించి ఇంకోటి, మొదట వేసిన కాపీల్లో అచ్చు బాగా రాలేదని టెనియల్ ఒప్పుకోక ఆ ముద్రణనే వెనక్కి తీసుకున్నారు. అసలు దిమ్మెలు దాచి, వాటి నుంచి తీసిన లోహపు అచ్చులతో ముద్రించేవాళ్ళు, అందుకే 1985లో లండన్ బ్యాంకు లాకర్‌లో దొరికినప్పుడు దిమ్మెలు బాగానే ఉన్నాయి.

ఇబ్బందులు చెప్తా. ఫ్రేము అద్దాల మీద లైటు సూటిగా పడి మన మొహమే కనపడుతుంది, పక్కకు వంగి చూడాల. లేబుళ్ళు ఇంగ్లీషులోనే, అక్షరాలు చిన్నవి, స్కూలు పిల్లలు వచ్చినారు గానీ ఏ కథో చెప్పేవాళ్ళు లేక అట్లే తిరిగి పోయినారు. భూతద్దం ఒక్కటే ఉంది, మీ ఇంట్లో ఉంటే తీసుకుపోండి. ఐదుకు నాలుగు ఇస్తా, ఆ నాలుగూ ఎంపికకు, ఉలుల బల్లకు.

బయట అభిప్రాయాల పుస్తకంలో నేను, మామ ఇద్దరం రాసినాం, చెక్కినోళ్ళ పేరు ప్రతి బొమ్మ కింద తెలుగులో పెట్టండని. మీరు పోతే మీరూ రాయండి, నలుగురు అడిగితే మార్చేదానికి ఒక ప్రింటవుట్ చాలు.