అకార్డ్ ఆటోమేటిక్‌లో హోండా డీడబ్ల్యూ-1: ఇంట్లోనే మార్చుకుంటూ చాలాకాలం వాడాక

కారు 2008–12 తరం అకార్డ్. నాలుగు సిలిండర్ల ఇంజిన్, అయిదు గేర్ల ఆటోమేటిక్. గేర్‌బాక్స్‌లో పాత జడ్-1 ఆయిల్ స్థానంలో హోండా తెచ్చిన గేర్ ఆయిల్ డీడబ్ల్యూ-1నే చాలాకాలంగా పోస్తున్నాను, ఇంట్లోనే మార్చుకుంటున్నాను. ఆయిల్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. గేర్లు మెత్తగా పడుతున్నాయి. 40 మైళ్ల వేగంలో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించినప్పుడు టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) లాక్ అవుతూ ఇచ్చే సన్నటి వణుకు కూడా కొత్త ఆయిల్ పడ్డాక పోయింది. కానీ ఈ గేర్‌బాక్స్ బాగుండటానికి ఆయిల్ రకం ఎంత ముఖ్యమో, లెవెల్ సరిగ్గా చూడటం అంత ముఖ్యం. చాలామంది పొరబడేది అక్కడే.

లెవెల్ చూసే పద్ధతి ఇది. కారు చదునైన నేల మీద ఉండాలి. రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా ఇంజిన్ నడవనిచ్చి, ఆపేయాలి. ఆపిన 60 సెకన్ల తర్వాత, 90 సెకన్లు దాటకముందే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే గీతల పుల్ల) తీసి తుడిచి, మళ్లీ పూర్తిగా దించి చూడాలి. చాలా ఇతర కంపెనీల కార్లలో ఇంజిన్ నడుస్తుండగా చూస్తారు, హోండాలో అలా చూస్తే లెక్క తప్పుతుంది. చల్లగా ఉన్నప్పుడు చూసినా అంతే. తాజా డీడబ్ల్యూ-1 ఎర్రగా, పల్చగా ఉంటుంది కాబట్టి గీతల మధ్య ఎక్కడ ఆగిందో వెంటనే తెలియదు. డిప్‌స్టిక్ దిగే గొట్టం గోడకు అంటిన ఆయిల్ పుల్లకు ఒక పక్కన పైదాకా పాకుతుంది. రెండు పక్కలా చూసి, తక్కువ చూపించిన పక్కనే నమ్మాలి. తెల్ల టిష్యూ మీద ఒత్తితే రంగు కూడా తెలుస్తుంది. గోధుమరంగులోకి తిరిగితే మార్చే వేళయినట్టు. నల్లబడి మాడు వాసన వస్తే లోపల క్లచ్ ప్లేట్లు కాలాయని అర్థం, దాన్ని కొత్త ఆయిల్ బాగుచేయదు.

మార్చడానికి కావలసినవి కొద్దే: క్వార్ట్ (లీటరుకు కాస్త తక్కువ) సీసాలు మూడు (పార్ట్ నంబర్ 08200-9008), 18 మి.మీ. డ్రెయిన్ వాషర్ ఒకటి (90471-పీఎక్స్4-000), 3/8 అంగుళాల రాట్చెట్, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్, సన్నమూతి పొడవు గరాటు. కారు ముందు భాగం లేపితే స్టాండ్ల మీదే నిలపాలి, వెనక చక్రాలకు అడ్డు పెట్టాలి. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరొద్దు.

గేర్‌బాక్స్ డ్రెయిన్ బోల్టుకు చదరపు గుంట ఉంటుంది, రాట్చెట్ కొన నేరుగా అందులో కూర్చుంటుంది. ఇంజిన్ ఆయిల్ బోల్టుకైతే మామూలు ఆరు పలకల తల. ఈ తేడా తెలియనివాళ్లు ఇంజిన్ ఆయిల్ అనుకుని గేర్‌బాక్స్ ఖాళీ చేసి, ఉన్న ఇంజిన్ ఆయిల్ మీద ఇంకో నాలుగు క్వార్ట్‌లు పోసేస్తారు. బోల్టు విప్పకముందే డిప్‌స్టిక్ సులువుగా బయటికి వస్తోందో లేదో చూసుకోండి, ఎందుకంటే ఆయిల్ నింపేది ఆ గొట్టంలోంచే. ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు వదలాలి.

బోల్టు కొనకు అయస్కాంతం ఉంటుంది. దానికి బూడిదరంగు మెత్తటి ముద్ద అంటుకుని రావడం మామూలే, అది క్లచ్‌లు, గేర్లు అరిగిన పొడి. వేళ్ల మధ్య నలిపితే గరుకు తగలకూడదు. రేకుల్లాంటి ముక్కలు కనిపిస్తే మాత్రం మెకానిక్‌కు చూపించాల్సిందే. తుడిచి, కొత్త వాషర్ వేసి 49 న్యూటన్ మీటర్లకు బిగించాలి. కేసు అల్యూమినియంది, బలం కొద్దీ బిగిస్తే మర పోతుంది.

దిగేది సుమారు 2.5 లీటర్లు. దిగినదాన్ని గీతలున్న ఖాళీ సీసాల్లో కొలిచి అంతే పోయండి. ఆయిల్ అరవై డిగ్రీలు చల్లారితే ఈ కొలతలో వంద మిల్లీలీటర్ల పైన తగ్గుతుంది, అందుకే చివరి మాట డిప్‌స్టిక్‌దే. ఎక్కువైతే గేర్లు చిలికి నురగ కడుతుంది, ఒత్తిడి పడిపోతుంది. తక్కువైతే డీ వేశాక కారు ఒక క్షణం ఆలోచించి కదులుతుంది.

మొత్తం పట్టేది 6.5 లీటర్లు. అంటే ఒక్కసారి మార్చితే కొత్తది 38 శాతమే, మిగతాది కన్వర్టర్‌లో, క్లచ్‌లలో ఉండిపోతుంది. మూడుసార్లు మార్చితే 77 శాతం దాకా వస్తుంది. జడ్-1 నుంచి డీడబ్ల్యూ-1కి మారేటప్పుడు మధ్యమధ్యలో అన్ని గేర్లలో కారు నడుపుతూ ఈ మూడు మార్పులూ చేయాలి, ఎనిమిది సీసాలు పడతాయి. ఆ తర్వాత ప్రతి 30 వేల మైళ్లకు ఒక మార్పు నా అలవాటు. గేర్ ఆయిల్ మార్చమని డ్యాష్‌బోర్డులో 3 అంకె వెలిగేదాకా ఆగడం నాకిష్టం లేదు. దీని లోపలి జాలీ కేసు విడదీస్తేగానీ రాదు. కాబట్టి ఆయిల్ మార్చడమే శుభ్రత. మెషీన్ పెట్టి ఫ్లష్ చేస్తామంటే వద్దనండి.

అన్ని కార్లకూ సరిపోతుందన్న వేరే బ్రాండ్లు చవగ్గా దొరుకుతాయి. ఒక మార్పుకు మూడు సీసాలే పట్టేచోట ఆ మిగులు కోసం నేను మారను.

సీవీటీ (విడి గేర్లకు బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) ఉన్న హోండాల్లో డీడబ్ల్యూ-1 పోయకూడదు. మన దగ్గర 2014 నుంచి వచ్చిన సిటీ సీవీటీ కూడా అందులోదే. వాటికి హెచ్‌సీఎఫ్-2 వేరే ఉంది. స్టీలు బెల్టు జారకుండా పట్టుకోవాల్సిన ఆయిల్ అది, డీడబ్ల్యూ-1 ఆ పని చేయదు.