హాట్ రాడ్‌కు వెనక డిస్కులు: ఏ క్యాలిపర్ మేలు?

ఎవరో కట్టిన హాట్ రాడ్ (పాత కారుకు వేరే బండ్ల భాగాలు పెట్టి మార్చుకున్న బండి) కొన్నవాడికి వెనక బ్రేకు ప్యాడ్లు అరిగినప్పుడు తెలుస్తుంది అసలు చిక్కు. కాగితాల మీద 1932 ఫోర్డ్ అని ఉంటుంది. ఫోర్డ్ హైడ్రాలిక్ బ్రేకులకు మారిందే 1939లో, డిస్కుల మాట ఇక చెప్పక్కర్లేదు. కాబట్టి దుకాణంలో బండి పేరు చెప్పి లాభం లేదు. చక్రం విప్పి, హ్యాండ్ బ్రేక్ కేబుల్ ఎక్కడికి పోతోందో చూడండి. ఏ జాతి బ్రేకో అదే చెబుతుంది.

క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కు మీద నొక్కే భాగం) వీపు మీద మీట ఉండి, కేబుల్ దానికి తగిలించి ఉంటే అది చాలావరకు క్యాడిలాక్ ఎల్డొరాడో రకం. కేబులే లేకుండా ఒకే పిస్టన్ ఉన్న చిన్న క్యాలిపర్ అయితే జీఎం (జనరల్ మోటార్స్) 'మెట్రిక్' అయి ఉండొచ్చు. అది నిజానికి ముందు చక్రాల కోసం చేసినది. కేబుల్ రోటర్ (చక్రంతో తిరిగే డిస్కు) మధ్యలోని టోపీలాంటి భాగంలోకి వెళ్తే లోపల చిన్న డ్రమ్ ఉందన్నమాట: 1995-2001 ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ 8.8 (రింగ్ గేరు వ్యాసం, అంగుళాల్లో) యాక్సిల్ అలాంటిదే. డిస్కులు చక్రాల దగ్గర కాకుండా డిఫరెన్షియల్‌ను (యాక్సిల్ మధ్యలోని గేర్ల పెట్టెను) ఆనుకుని ఉంటే, మీకు జాగ్వార్ యాక్సిల్ దొరికింది.

మెట్రిక్ చవక, తేలిక, ప్యాడ్లు ఎక్కడైనా దొరుకుతాయి. హ్యాండ్ బ్రేక్ లేదు. గేరు 'పార్క్'లో వేస్తే చాలదా అంటారు కొందరు. వాలు మీద బండి బరువంతా గేర్‌బాక్స్‌లోని ఒక చిన్న కొక్కెం మీద పెట్టడం నాకు నచ్చదు. లైన్ లాక్ (బ్రేకు లైన్లో ఒత్తిడిని పట్టి ఉంచే వాల్వ్) కూడా హ్యాండ్ బ్రేక్‌కు బదులు కాదు, ఒత్తిడి మెల్లగా జారిపోతుంది.

ఎల్డొరాడో ఆ లోటు తీరుస్తుంది, కానీ అలక ఎక్కువ. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ ముందుకు జరగాలంటే మీట కదలాలి, అంటే హ్యాండ్ బ్రేక్ రోజూ వాడాలి. వాడనివాళ్ల బండిలో ప్యాడ్‌కీ రోటర్‌కీ మధ్య సందు పెరిగి, పెడల్ నేల దాకా పోతుంది. అప్పుడు పాపం మాస్టర్ సిలిండర్‌ను (పెడల్ తొక్కితే బ్రేకు నూనెను తోసే భాగాన్ని) తిట్టి కొత్తది కొంటారు. బిగించేటప్పుడే మీటను పదేపదే లాగి వదిలి సందు తగ్గించుకుంటే సగం గొడవ ఉండదు.

జాగ్వార్ చూడ్డానికి అందం. 1961లో ఈ-టైప్‌తో వచ్చిన ఆ అమరికను బయటకు కనిపించేలా క్రోమ్ చేసి పెట్టుకున్న రాడ్లు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. రోటర్ మార్చాలంటే మాత్రం యాక్సిల్ మొత్తం దించాల్సిన పరిస్థితి వస్తుంది. పైగా బ్రేకుల వేడి పక్కనే ఉన్న డిఫరెన్షియల్ ఆయిల్ సీళ్లను తినేస్తుంది. బండి ప్రదర్శనకే అయితే సరే.

నా ఓటు ఎక్స్‌ప్లోరర్‌కే. క్యాలిపర్ పని క్యాలిపర్‌ది, హ్యాండ్ బ్రేక్ పని డ్రమ్‌ది. ఒకటి పాడైతే రెండోది బాగుంటుంది. యాక్సిల్ సీల్ కారితే మాత్రం డ్రమ్‌లోని ఆ చిన్న షూలు (బ్రేకు పట్టే ముక్కలు) నూనెలో నాని పనికిరాకుండా పోతాయి. రోటర్ ఊడి రాకపోతే సుత్తి తీయకండి, ముందు లోపలి అడ్జస్టర్ వదులు చేయండి.

ఏది పెట్టినా రెండు సంగతులు తప్పవు. రాడ్లలో మాస్టర్ సిలిండర్ తరచూ నేల కింద, క్యాలిపర్ కంటే దిగువన ఉంటుంది. బ్రేకు నూనె వెనక్కి జారకుండా లైన్లో 2 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) రెసిడ్యువల్ వాల్వ్, అంటే కాస్త ఒత్తిడి నిలిపి ఉంచేది, కావాలి. డ్రమ్ముల కోసం చేసిన 10 పీఎస్‌ఐది ఉంటే ప్యాడ్లు రోటర్‌ను వదలవు. కాస్త దూరం నడిపి, బండి జాకీ మీద ఎత్తి చక్రం చేత్తో తిప్పితే తెలిసిపోతుంది.

రెండోది నేను చేసిన తప్పే. కుడి ఎడమ క్యాలిపర్లు తారుమారు చేసి బిగించాను. బ్లీడ్ స్క్రూ (లైన్లోని గాలి బయటకు వదిలే మర) కిందికి వచ్చింది. ఎంత బ్లీడ్ చేసినా పెడల్ స్పాంజిలాగే ఉంది, ఎందుకంటే గాలి పైనే నిలిచిపోయింది. రెండు డబ్బాల నూనె ఖర్చయ్యాక గానీ స్క్రూ వైపు చూడలేదు.