స్వయం–ఎన్‌పీటీఎల్: ఆరు సెమిస్టర్లు వాడాక

స్వయం అంటే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక, ఎన్‌పీటీఎల్ అంటే అందులో ఐఐటీలు, ఐఐఎస్సీ నడిపే కోర్సులు. ఆ యాప్ బాగుందా అని అనంతపురం పిల్లలు అడుగుతుంటారు. మూడో వారం కూడా దాన్ని తెరుస్తారా అన్నదే చూడాల్సింది.

చేరడానికి పైసా అక్కర్లేదు. అందుకే చేరేవాళ్లూ మస్తు, మానేసేవాళ్లూ మస్తు. ఆగకుండా చదివించేది వారం వారం గడువే. 12 వారాల కోర్సంటే 30 గంటల పాఠం. వారానికి సుమారు అరగంటవి ఐదు వీడియోలు. రోజుకొకటి చూస్తే బరువనిపించదు. ఐదూ ఆదివారానికి దాచుకుంటే రెండోదానికే కునుకొస్తుంది, అసైన్‌మెంటు గుడ్డిగా నొక్కాల్సి వస్తుంది. ఒక వారం తప్పగానే ఇంక అయిపోయిందని వదిలేసేవాళ్లు చాలామంది. నిజానికి 12 అసైన్‌మెంట్లలో ఎక్కువ మార్కులొచ్చిన 8 మాత్రమే లెక్కేస్తారు, 8 వారాల కోర్సులో అయితే 6. ఇంట్లో పెళ్లికని రెండు వారాలు పోయినా కొంప మునగదు.

అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. సర్టిఫికెట్ రావాలంటే 25లో 10, 75లో 30, రెండూ దాటాలి. పరీక్ష కేంద్రానికి పోయి రాయాల్సిందే. ఫీజు దీనికే. అది కట్టాక చదివే తీరే మారుతుంది. రోజూ తెరిచినందుకు మంట బొమ్మ చూపించి మెచ్చుకునే యాప్‌లకు ఈ పట్టు లేదు. 2021 యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల ప్రకారం సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయంలో చేయొచ్చు. క్రెడిట్ల కోసం, అంటే డిగ్రీ లెక్కలో కలిసే పాయింట్ల కోసం చేరినోళ్లు చివరిదాకా ఉంటారు, ఊరికే చూద్దామని వచ్చినోళ్లు ఉండరు. అయితే ఆ కోర్సుకు మీ కాలేజీ క్రెడిట్ ఇస్తుందో లేదో చేరకముందే డిపార్ట్‌మెంట్లో అడగండి. పరీక్షయ్యాక అడిగితే లాభం లేదు.

అనుకున్నదీ దొరికిందీ సరిపోతేనే మనిషి కంప్యూటర్ సిస్టమ్‌ను వాడుతూ పోతాడని 2001లో భట్టాచార్జీ అనే పరిశోధకుడు ప్రతిపాదించిన నమూనా చెప్తుంది. అంటే పేరు చూసి చేరకూడదు. ముందు పరిచయ వీడియో, వారాల ప్రణాళిక చూడండి. మొదటి వారానికి ముందిచ్చే ‘అసైన్‌మెంట్ 0’ ఉంటే చేయండి, ముందే తెలిసుండాల్సినవి అందులో అడుగుతారు. సగం తప్పయితే ఇంకాస్త కింది కోర్సు పట్టుకోవడం మేలు.

తెలుగు మీడియం వాళ్లకు అడ్డుపడేది పాఠం కన్నా ఇంగ్లీషు వేగం. కొన్ని కోర్సులకు తెలుగు అనువాద పాఠాలు పీడీఎఫ్‌గా ఉన్నాయి. అది చదివి వీడియో పెడితే తొందరగా ఎక్కుతుంది. వీడియో క్వాలిటీ బాగా తగ్గించి 144పీలో మాత్రం చూడొద్దు. డేటా మిగులుతుంది గానీ, సమీకరణాల కింద రాసే చిన్న అంకెలు కనపడవు.