సీటును నిర్ణయించే సరళరేఖ: ఇంగ్లండ్‌లో ఒక కౌన్సిల్ ప్రాథమిక పాఠశాల ప్రవేశాల సేవపై సమీక్ష

మా అమ్మాయికి మూడేళ్లు నిండిన తర్వాత వచ్చిన అక్టోబరులో, జనన ధ్రువీకరణ పత్రం, టీకాల కార్డు, పాస్‌పోర్టు నకళ్లు ఒక ఫైలులో పెట్టుకుని, ఇంటికి దగ్గరలో ఉన్న ప్రాథమిక పాఠశాలకు వెళ్లాను. హైదరాబాదులో మా అక్క పిల్లలను బడిలో చేర్పించిన తీరు చూసి అలవాటైన పద్ధతి అది: ముందు ప్రిన్సిపాల్‌ను కలవడం, ఆ తర్వాత ఫీజు కట్టి సీటు ఖాయం చేసుకోవడం. ఇక్కడి ఆఫీసులోని ఆవిడ ఎంతో మర్యాదగా, ఎవరిని చేర్చుకోవాలన్నది తమ చేతిలో లేదని, స్థానిక ప్రభుత్వ సంస్థ అయిన కౌన్సిల్ వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టుకోవాలని చెప్పి, బడి చూసి వెళ్లడానికి మాత్రం ఒక తేదీ ఇచ్చారు. ఆ రోజు మొదలుకొని దాదాపు ఏడాది పాటు నేను ఆ కౌన్సిల్ ప్రవేశాల విభాగం సేవను వాడుకున్నాను. ఈ సమీక్ష దాని గురించే. ఇంగ్లండ్‌కు కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలకు పనికి రావాలని వివరంగా రాస్తున్నాను. స్కాట్లండ్‌లో పద్ధతి వేరు.

మనవాళ్లలో చాలామందికి మొట్టమొదట కలిగే భయం వీసా గురించినది. వీసా మీద ప్రభుత్వ నిధులకు అర్హత లేదన్న షరతు చూసి, ప్రభుత్వ పాఠశాలకు దరఖాస్తు పెడితే ఇబ్బంది వస్తుందేమోనని నా స్నేహితురాలు ఒకామె గడువు తేదీ దగ్గర పడేదాకా ఆగిపోయింది. ప్రభుత్వ పాఠశాల చదువు ఆ షరతు కిందికి రాదు. ఉద్యోగ వీసా మీద వచ్చినవారి పిల్లలు ఇక్కడ నివసిస్తుంటే నిశ్చింతగా దరఖాస్తు చేసుకోవచ్చు, దానికి రుసుమేమీ లేదు. ఈ ఒక్క మాట కౌన్సిల్ తన వెబ్‌సైటు మొదటి పుటలోనే రాసి ఉంటే ఎన్ని ఇళ్లలో ఆందోళన తప్పేదో అనిపించింది.

సెప్టెంబరు 1 నుంచి మరుసటి ఏడాది ఆగస్టు 31 లోపు పుట్టిన పిల్లలందరూ ఒక జట్టు. నాలుగో పుట్టినరోజు దాటాక వచ్చే సెప్టెంబరులో వారు ప్రాథమిక పాఠశాలలో మొట్టమొదటిదైన రిసెప్షన్ తరగతిలో చేరతారు. దరఖాస్తుకు చివరి రోజు జనవరి 15, ఫలితం వచ్చే రోజు ఏప్రిల్ 16. ఈ రెండు తేదీలూ ఇంగ్లండ్ అంతటికీ ఒకటే. మా అమ్మాయి జులైలో పుట్టింది. ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 31 లోపు పుట్టిన పిల్లలను ఒక ఏడాది ఆలస్యంగా రిసెప్షన్‌లోనే చేర్చుకోమని కోరే వీలుందని, అది అడిగినంత మాత్రాన దక్కే హక్కు కాదని, ప్రవేశాలు నిర్ణయించే సంస్థ ఒప్పుకోవాలని కౌన్సిల్ వారి ప్రవేశాల మార్గదర్శక పుస్తకంలో చదివి, చాలా ఆలోచించి, మేము అడగలేదు.

దరఖాస్తు పత్రం నింపడం అరగంట పని. ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఆ పత్రంలో లేని ప్రశ్నలు. తండ్రి ఉద్యోగం ఏమిటి, తల్లి ఎంతవరకు చదివింది, ఆదాయం ఎంత అన్నవి ఎక్కడా అడగలేదు; పిల్లకు గాని మాకు గాని ఇంటర్వ్యూ లేదు. ఇంగ్లండ్‌లోని 2021 నాటి పాఠశాల ప్రవేశాల నియమావళి వీటిని నిషేధిస్తుంది. మన విద్యాహక్కు చట్టం, 2009లోని 13వ సెక్షన్ కూడా క్యాపిటేషన్ ఫీజును, పిల్లలను తల్లిదండ్రులను వడపోయడాన్ని నిషేధించింది. ఆ నిషేధం మాట వరసకు మిగలకుండా ఒక కుటుంబం అనుభవంలోకి వస్తే ఎలా ఉంటుందో ఇక్కడ చూశాను, అందుకు ఈ విభాగానికి మనస్ఫూర్తిగా మార్కులు వేస్తాను.

పత్రంలో పాఠశాలల పేర్లు వరుసగా రాయాలి. లండన్‌లో ఆరు వరకు రాయవచ్చు, మా కౌన్సిల్‌లో మూడు. పొరుగు కౌన్సిల్ పరిధిలోని బడి పేరు కూడా రాయవచ్చు, కాని దరఖాస్తు మాత్రం మనం ఉండే కౌన్సిల్‌కే పెట్టాలి. ఇక్కడే మనవాళ్ల మధ్య ఒక తప్పుడు సలహా తిరుగుతోంది. "అక్కా, ఒక్క స్కూలు పేరే రాయండి, వేరే దారి లేక అదే ఇస్తారు" అని నాకు ముగ్గురు చెప్పారు. అలా రాస్తే ఆ బడిలో మన అవకాశం వీసమెత్తు కూడా పెరగదు. మనం దాన్ని ఎన్నో ఎంపికగా రాశామన్నది ప్రవేశ క్రమంలో లెక్కలోకి రాదు. ప్రతి బడికీ దాన్ని కోరిన పిల్లలందరినీ ప్రకటించిన నియమాల ప్రకారమే వరుసలో పెడతారు, ఒకటి కంటే ఎక్కువ బడులలో సీటు వచ్చే పిల్లలకు తల్లిదండ్రులు పైన రాసినది ఇస్తారు. ఒక్క పేరే రాసి అది రాకపోతే, అందరికీ పంచాక ఖాళీ మిగిలిన బడి, ఎంత దూరమైనా సరే, మన వంతుకు వస్తుంది. కాబట్టి నిజంగా ఇష్టమైనది మొదట రాయాలి, సీటు వచ్చే అవకాశం బాగా ఉన్న దగ్గరి బడి ఒకటి జాబితాలో ఉండాలి. కౌన్సిల్ పుస్తకం ఈ సంగతిని సరిగ్గానే చెప్పింది, కాని ఎనభై పుటల పుస్తకంలో ఎక్కడో మధ్యలో చెప్పింది.

ఇక అసలు విషయం దూరం. ప్రత్యేక విద్యా అవసరాలున్న పిల్లలకు కౌన్సిల్ రాసిచ్చే ప్రణాళికలో ఆ బడి పేరుంటే, ఆ పిల్లలను చేర్చుకుని తీరాలి. ఆ తర్వాత మొదటి స్థానం ప్రభుత్వ సంరక్షణలో ఉన్న, ఇంతకు ముందు ఉన్న పిల్లలది. మా ప్రాంతంలో వారి తర్వాత క్యాచ్‌మెంట్ ఏరియాలో, అంటే ఆ బడి పరిధిగా గుర్తించిన ప్రాంతంలో ఉంటూ అన్నో అక్కో అదే బడిలో చదువుతున్నవారు, తర్వాత క్యాచ్‌మెంట్‌లోని మిగతావారు, చివరకు బయటివారు. ప్రతి వర్గంలోనూ ఇంటి నుంచి బడికి మ్యాపు మీద గీసిన సరళరేఖ ఎంత చిన్నదైతే అంత ముందు. నడిచే దారి కొన్ని కౌన్సిళ్లలో లెక్కకు వస్తుంది, మా దగ్గర రాదు. మాకూ బడికీ మధ్య రైలు పట్టాలు అడ్డం ఉన్నా, వంతెన చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చినా ఆ గీతకు సంబంధం లేదు. రిసెప్షన్ నుంచి రెండో తరగతి దాకా ఒక టీచరుకు ముప్ఫై మందికి మించి పిల్లలు ఉండకూడదన్నది చట్టం గనుక, ఒక్క సెక్షన్ ఉన్న బడిలో ముప్ఫై సీట్లు నిండాక ముప్ఫై ఒకటో బిడ్డ గుమ్మం ఎదుట ఉన్నా చోటు దొరకడం కష్టం. క్యాచ్‌మెంట్‌లో ఇల్లు ఉంటే సీటు వచ్చినట్టేనని ఇల్లు అద్దెకు ఇప్పించిన ఏజెంటు మాకు చెప్పిన మాట నిజం కాదు.

మేము మొదట రాసిన బడిలో అంతకు ముందు ఏడాది చివరి సీటు 0.58 మైళ్ల దూరంలోని ఇంటికి దక్కిందని కౌన్సిల్ పట్టికలో ఉంది. మా ఇల్లు 0.55. ధైర్యంగా ఉన్నాం. ఆ ఏడాది తోబుట్టువులు ఎక్కువగా రావడంతో ఆ గీత 0.49 దగ్గరే ఆగిపోయింది. ఏప్రిల్ 16 ఉదయం వచ్చిన ఈమెయిల్‌లో రెండో ఎంపిక పేరు చూసి నేను చాలా బాధపడ్డాను. అయినా అన్యాయం జరిగిందని మాత్రం అనలేను, ఎందుకంటే ఎక్కడ ఆగిపోయిందో, ఎందుకు ఆగిపోయిందో అంకెలతో సహా చెప్పారు. ఆ పట్టికను ఒక్క ఏడాదిది కాకుండా మూడు నాలుగేళ్లది చూడండి. గీత ఎంతగా కదులుతుందో అప్పుడు తెలుస్తుంది.

వెయిటింగ్ లిస్టులో మా అమ్మాయి ఏడో స్థానంలో మొదలై, జూన్ నాటికి తొమ్మిదికి వెళ్లింది. ఆ జాబితా ఎవరు ముందు చేరారన్న దాన్ని బట్టి కాక అవే నియమాలను బట్టి నడుస్తుంది గనుక, బడికి ఇంకా దగ్గరలో ఎవరైనా ఇల్లు మారి వస్తే మనం వెనక్కి జరుగుతాం. కనీసం డిసెంబరు 31 దాకా ఆ జాబితా ఉంచాలి. అప్పీలుకు వెళ్లమని కొందరు అన్నారు. ముప్ఫై మంది పరిమితి వల్ల నిరాకరించిన చోట, నియమాల అమలులో తప్పు జరిగితేనో, నిర్ణయం పూర్తిగా అసమంజసమైతేనో తప్ప అప్పీలు నెగ్గే దారి చాలా ఇరుకని చదివి, మేము మానుకున్నాం.

ఈ సేవలో లోపాలు లేకపోలేదు, వాటిలో ఒకటి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. చర్చి ఆధ్వర్యంలో నడిచే చాలా పాఠశాలలకు కౌన్సిల్ పత్రంతో పాటు అదనపు సమాచార పత్రం విడిగా ఆ బడికే పంపాలి. మా మూడో ఎంపిక అలాంటిదే. ఆన్‌లైన్ పత్రంలో దాని పేరు ఎంచుకున్నప్పుడు ఏ హెచ్చరికా రాలేదు. ఫిబ్రవరిలో ఆ బడికి ఫోను చేసినప్పుడు గాని ఆ పత్రం సంగతి నాకు తెలియలేదు, అప్పటికి గడువు దాటింది. చిరునామా రుజువుగా అద్దె ఒప్పందం, కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు పంపమన్న ఈమెయిల్ స్పామ్‌లోకి వెళ్లింది, మళ్లీ గుర్తు చేయలేదు. ఫోను లైను ఉదయం కొన్ని గంటలే పనిచేస్తుంది. ఉద్యోగం చేసే తల్లికి అది పెద్ద ఇబ్బంది. ఫోను ఎత్తిన తర్వాత మాత్రం ప్రతిసారీ ఓపికగా, దయగా మాట్లాడారు.

ఇల్లు మారడం గురించి అడిగేవారికి ఒక మాట. ఆరు నెలలకు ఓ గది అద్దెకు తీసుకుని అక్కడి చిరునామా చూపడం, బంధువుల ఇంటి చిరునామా రాయడం చేయకండి. తప్పుదోవ పట్టించే వివరాలతో సీటు పొందారని తేలితే దాన్ని వెనక్కి తీసుకునే అధికారం నియమావళిలో ఉంది, బిడ్డ బడిలో అడుగు పెట్టాక కూడా.

ఇప్పుడు మా అబ్బాయి వంతు వస్తోంది. అక్క చదువుతున్న బడే మొదటి ఎంపిక, మేము దాని క్యాచ్‌మెంట్ లోపలే ఉన్నాం. ఈసారి కౌన్సిల్ పుస్తకాన్ని సెప్టెంబరులోనే ముందు నుంచి వెనక దాకా చదివాను. అదనపు పత్రం కావలసిన బడిని ఎంచుకున్న వెంటనే తెర మీద హెచ్చరిక కనిపించేలా చేయమని విభాగానికి ఒక ఉత్తరం కూడా రాశాను, వచ్చే ఏడాది పత్రంలో పరిశీలిస్తామని జవాబు వచ్చింది.